పడటం నేర్పిన మామ

మామ పోయాడన్న మాట నాకు బస్సులో తెలిసింది. అనంతపురం నుంచి గుంతకల్లు వెళ్లే బస్సులో నేను కండక్టరును. ఆ పొద్దున పామిడి దగ్గర పెన్న వంతెన మీదికి ఎక్కామో లేదో ఫోను మోగింది. అవతల అత్త. ఆమె ఏడవడం లేదు. ఆమె మాట ఎప్పుడూ కొడవలితో కోసినట్టే ఉంటుంది.

"పాపా, మీ మామ పొద్దున్నే గోదా గట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నోడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయినాడు. ఇన్నేండ్లు ఎన్నితూర్లు పడినా లేసినాడు గదా, ఇప్పుడు గుడ లేస్తాడులే అని చూస్తా నిలబడితి. లేయలే."

అంతే చెప్పి పెట్టేసింది. కింద పెన్నలో నీళ్లు లేవు. ఇసుకలో ఎవరో గొర్రెలను తోలుకుపోతున్నారు. నా ముఖం చూసి డ్రైవరన్న బండి నెమ్మది చేశాడు.

"ఎవురక్కా?"

"మా మేనమామ. కంబదూరు పక్కన. పహిల్వాన్."

"అవునా! పెద్ద పెద్దోళ్లను గెలిచింటాడే?"

"లేదన్నా. ఓడిపోయేవాడు. అదే ఆయన పని."

డ్రైవరన్న నేను దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నాననుకుని ఊరుకున్నాడు. కానీ ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో ఉన్నది గర్వమే. అదెందుకో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మీలో కాస్త వయసు మీరినవాళ్లు మామను చూసే ఉంటారు. మన జిల్లాలో జాతరలకు, సంతలకు గుడారం వేసుకుని తిరిగే కుస్తీ కంపెనీ ఒకటి ఉండేది. పగలంతా జీపు మీద మైకు కట్టి ఊరూరా చాటించేవారు. చెక్కపలకలు పరిచి, వాటి మీద గోనెపట్టాలు, టార్పాలిన్ కప్పి, చుట్టూ తాళ్లు కట్టేవారు. లోపలికి ముందు ఒక మంచివాడు వచ్చేవాడు, అందరికీ దండం పెట్టేవాడు. తర్వాత ఒక దుర్మార్గుడు వచ్చేవాడు. మీసం మెలేస్తూ, జనాన్ని తిడుతూ, రెఫరీ అటు తిరిగితే ఇటు మంచివాడి జుట్టు పట్టి లాగుతూ. మీరు కేకలు వేసి, శెనక్కాయ పొట్టు విసిరి, చివరికి వాడు గిరగిరా తిరిగి దబ్బున పడితే ఈలలు వేసి ఇంటికి పోయేవారు. ఆ దుర్మార్గుడే మా మామ.

నిజం కుస్తీ రాక అలా చేరినవాడు కాదు. వానలు మొహం చాటేసిన ఒక ఏడు ఇల్లు వదిలి బళ్లారికి కూలికి వెళ్లాడు. అక్కడ మార్కెట్లో మూటలు మోస్తుంటే తాలింఖానాలో కుస్తీ నేర్పే ఒక ఉస్తాద్ ఆయన మెడను చూసి పిలిచాడట. దండీలు, బస్కీలు తీయించి, మట్టిలో దించి, పట్లన్నీ నేర్పాడు. ఆ తర్వాత జాతరల్లో గెలిచి తెచ్చుకున్న వెండి కడియం చాలాకాలం మా అమ్మమ్మ పెట్టెలో ఉండేది. కానీ కుస్తీ కంపెనీవాళ్లు వచ్చి చూసినప్పుడు, ఆయన గెలవడం కంటే పడటం బాగుందన్నారు. ఎత్తి పడేస్తే పెద్ద చప్పుడు చేస్తాడు, మరుక్షణం లేచి నిలబడతాడు. అలాంటివాడు దొరకడం కష్టమట. గెలిచేవాళ్లు ఊరికొకరు దొరుకుతారట.

ఎవరు గెలవాలో కంపెనీలో ముందే అనుకునేవారు. అది మామ ఎప్పుడూ దాచలేదు. "గెలిచేది అబద్ధమే పాపా, పడేది మాత్రం నిజం," అనేవాడు. పలకల మీద పడితే పలకలకు దయ ఉండదు కదా.

చెడ్డవాడి వేషం ఆయనకు చాలా ఇష్టం. రాయదుర్గంలో ఒకసారి ఒక అవ్వ కోపం పట్టలేక తన చెప్పు విసిరింది. సరిగ్గా ఆయన చెవి మీద తగిలింది. మరునాడు పొద్దున మామ ఆ చెప్పు పట్టుకుని సంతంతా వెతికి, ఆకుకూరలు అమ్ముకుంటున్న ఆమెను కనిపెట్టాడు.

"అవ్వా, ఈ చెప్పు నీదేనా?"

ఆమె తల ఎత్తి చూసి హడలిపోయింది. "అయ్యో సామీ, కొడతావా?"

"కొట్టేదానికి కాదులే. ఒంటి చెప్పుతో ఎట్ల నడుస్తావని తెచ్చినా. నీ గురి బాగుండాది, ఈ పొద్దు గుడ రా."

ఆమె మళ్లీ వచ్చిందట. ఆ రోజు రెండు కాళ్ల చెప్పులూ విసిరిందట. ఈ కథ చెప్పినప్పుడల్లా మామ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

అత్తను పెళ్లికి అడిగినప్పుడు వాళ్ల ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. రోజూ తన్నులు తినేవాడికి పిల్లనెట్లా ఇస్తామన్నారు. అత్తే ఒప్పించింది. ఎందుకు చేసుకున్నావత్తా అని నేను ఒకసారి అడిగితే, "అందరి ముందర ఓడిపోయేవాడు ఇంట్లో నాతో గుడ ఓడిపోతాడులే అనుకుంటి. ఈడ మాత్రం ఒక్కతూరి ఓడలే మొండోడు," అంది. పక్కనే ఉన్న మామ, "ఈడ ఓడిపోతే దుడ్లు ఎవురిస్తారు?" అన్నాడు. అత్త చేతిలోని అట్లకాడ చూపించింది. ఆయన నిజంగానే వెనక్కి పడ్డాడు, మంచం మీద.

ఇంతవరకు అంతా నవ్వులే. నవ్వులు లేని కాలం ఒకటి ఉంది.

కంపెనీ ఒక ఏడు కళ్యాణదుర్గం వచ్చింది. మామ ఊరికి దగ్గర. ఊరివాళ్లు ట్రాక్టరు ఎక్కి మరీ వెళ్లారు. మా అమ్మ వెళ్లింది. వాళ్ల నాయన, అంటే మా తాత, ముందు వరసలో కూర్చున్నాడు. తాత మెట్ట సేద్యం తప్ప మరొకటి ఎరగని మనిషి. కొడుకు జాతరల్లో గెలిచిన రోజులు తెలుసు గానీ కంపెనీలో ఏం చేస్తున్నాడో కళ్లారా చూడలేదు. ఆ రోజు మామ ఎదురుగా దిగింది కంపెనీలో అందరికంటే పేరున్న బళ్లారి పహిల్వాన్. ఓటమి ఎరగనివాడని మైకులో చాటింపు వేసేది అతని గురించే.

కాసేపు పట్టులాట జరిగాక, బళ్లారి పహిల్వాన్ ఎడమ చేత్తో మామను నడుం పట్టి భుజం మీదికి లేపి, గాలిలో తిప్పి పడేశాడు. ఒకే ఒక్క చేత్తో. గుడారమంతా లేచి నిలబడింది. అంత గొప్ప పడటం మామ అంతకు ముందు పడలేదని, తర్వాత కూడా పడలేదని అమ్మ చెప్పేది. తాత తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చేశాడు. మామ ఒళ్లు తుడుచుకుంటూ వెనకాలే పరుగెత్తాడు.

"ఒంటి చేత్తో పడేసినాడు గదరా నిన్ను! రెండో చెయ్యి గుడ పెట్టలే నీ మీద. ఒంటి చేత్తో!"

"అవు నాయనా," అన్నాడు మామ. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

తాత ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం మానేశాడు. ఎవరైనా అడిగితే "ఆ పడేవాడా?" అనేవాడు. కొన్నాళ్లకు ఊళ్లలోకి టీవీలు, వీడియోలు వచ్చాయి. గుడారాలకు జనం తగ్గారు. కంపెనీ మూతపడింది. మామ అత్తతో ఇల్లు చేరి తాతతో కలిసి సేద్యంలోకి దిగాడు. ఇద్దరిదీ ఒకే చేను, ఒకే జత ఎద్దులు. మాటలు మాత్రం లేవు. సెలవుల్లో మేము వెళితే తాత మాతో, "గుంటక యాడ పెట్టినాడో అడుగు మీ మామను," అనేవాడు. మామ పక్కనే ఉండి, "కొట్టంలో ఉండాదని చెప్పు పాపా మీ తాతకు," అనేవాడు. మాకది ఆటలా ఉండేది. మా అమ్మ మాత్రం వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది.

నేను ఇంటరు చదివే రోజుల్లో, శెనక్కాయ కోతల కాలంలో, కళ్లంలో అందరం కూర్చుని కాయలు వలుస్తున్నాం. కాలిబాట వెంట ఒక భారీ మనిషి చేతికర్ర పట్టుకుని వచ్చాడు. కుడి భుజం కిందికి జారి ఉంది. మామ చూసి, ఒడిలో కాయలన్నీ రాలిపోతున్నా పట్టించుకోకుండా లేచాడు. "అన్నా!" అని వాటేసుకున్నాడు. అతనే బళ్లారి పహిల్వాన్. అత్త చెంబుతో మజ్జిగ తెచ్చింది. తాత మాత్రం వలవడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

బళ్లారి ఆయన కాసేపు తాత వైపు చూశాడు. విషయం కనిపెట్టినట్టున్నాడు.

"ఏం సామీ, కోపమా నామీద? కళ్యాణదుర్గంలో నీ కొడుకును పడేసినానని?"

"ఒంటి చేత్తో పడేసినావు," అన్నాడు తాత, కాయల వైపే చూస్తూ.

"రెండో చెయ్యి పని చేసేది కాదు సామీ. ముందు పొద్దే భుజం జారింది. కీలు మళ్ల కూర్చినారు గానీ చెయ్యి పైకి లేసేది కాదు. మా ఓనరు నీ కొడుకును పిలిచి, 'మీ ఊరోళ్లంతా వచ్చిండారు, ఈ పొద్దు నువ్వే గెలువప్పా' అన్నాడు. నేను గుడ సరే అంటి. ఒప్పుకోనిది నీ కొడుకే."

తాత చేతులు ఆగాయి.

"'అన్న ఓడిపోతే రేపట్నుంచి టికెట్టు కొనేదెవురు? కంపెనీ పడిపోతే ఇంతమందిమి యాడికి పోవల్ల? అన్నా, నువ్వు నన్ను ఒక చేత్తో ముట్టుకో చాలు, పైకి నేనే లేస్తా' అన్నాడు. ఆ పొద్దు నేను లేపలేదు సామీ. నీ కొడుకే నా భుజం మీదికి ఎగిరినాడు. పడేటప్పుడు గుడ నా చెయ్యి మీద బరువు పడకుండా గాలిలో ఒళ్లు తిప్పుకున్నాడు. జనాలు నాకు దండలేసినారు. ఆ దండలు ఎవురికి పడాల్సినవో నాకు తెలుసు."

తాత మెల్లగా తల తిప్పాడు. అన్నేళ్ల తర్వాత కొడుకు ముఖంలోకి నేరుగా చూశాడు.

"కంపెనీ మూసేసినాకన్నా చెప్పొచ్చు గదరా."

మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మాట్లాడినాడే, నాయన వానితో మాట్లాడినాడే," అని నా చెవిలో గుసగుసలాడింది.

"అప్పుడు చెప్తే ఓడిపోయినోడు సాకు చెప్పినట్టుంటాది నాయనా," అన్నాడు మామ.

తాత లేచి కళ్లం మధ్యకు నడిచాడు. పొట్టు పక్కకు తోశాడు. పేడతో అలికి, గుండుతో తొక్కించిన గట్టి నేల అది.

"యాడ, ఒకతూరి పడి చూపీ."

"ఈడనా? గట్టి నేల నాయనా."

"పడేవానివే గదరా. పడు."

మామ చొక్కా విప్పాడు. అప్పటికే ఒళ్లు కాస్త వచ్చింది. రెండడుగులు వేసి గాలిలోకి లేచి, కాళ్లు ఆకాశంలోకి పోగా, వీపు మీద పడ్డాడు. దబ్బుమన్న ఆ చప్పుడుకు గింజలేరుకుంటున్న గువ్వలు గుంపుగా లేచిపోయాయి. పట్టుకోబోయినట్టు తాత రెండు చేతులూ ముందుకొచ్చాయి. మామ లేచి దుమ్ము దులుపుకున్నాడు.

తాత చేతులు వెనక్కి తీసుకున్నాడు. "మళ్ల."

మామ మళ్లీ పడ్డాడు.

"ఇంగొకతూరి."

అత్త అడ్డం వచ్చింది. "చాల్లే మామా! వాళ్ల కంపెనీ మూసేసినారు, నువ్వు తెరుస్తావా ఏమి?"

తాత నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. బళ్లారి ఆయన వైపు తిరిగి, "చూసినావా? నా కొడుకు పడితే నేల అదురుతాది," అన్నాడు. తర్వాత కొడుకు వీపు మీది మట్టిని తన తువ్వాలుతో తానే తుడిచాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఒకే పళ్లెం ముందు కూర్చుని సంగటి తిన్నారు.

ఆ సెలవుల్లోనే నాకూ పడటం నేర్పమని మామను అడిగాను. గడ్డిపరుపు మీద మొదలుపెట్టించాడు. "నేల మనకు పగోడు కాదు పాపా. దానికి వీపంతా ఇయ్యల్ల, ఒక్క ఎముకనే ఇయ్యగూడదు. గడ్డం రొమ్ముకు ఆనించు. చెయ్యి చాపి నేలను కొట్టు. నేల కొట్టకముందే నువ్వు కొట్టల్ల." నేను నవ్వుతూ నేర్చుకున్నాను. ఎందుకు పనికొస్తుందో అప్పుడు తెలియదు. ఉద్యోగంలో చేరాక ఒకరోజు గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు ఉన్నపళంగా ఆగింది. ఫుట్‌బోర్డు మీదున్న నేను ఎగిరి రోడ్డు మీద పడ్డాను. గడ్డం దానంతటదే లోపలికి పోయింది, చెయ్యి దానంతటదే తారును కొట్టింది. లేచి నిలబడి, చెదిరిన టికెట్లు ఏరుకున్నాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. మామకు ఫోను చేసి చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "చప్పుడు బాగొచ్చిందా?"

తాత పోయాక, మామ చేనులో ఒక మూల గోదా తవ్వి ఎర్రమట్టి నింపాడు. పైన రేకులు వేశాడు. ఊరి బడిలో పీటీ మాస్టారు వచ్చి, ఆడపిల్లలకు కుస్తీ పోటీలు పెడుతున్నారు, నేర్పుతారా అని అడిగాడు. మామ క్షణం ఆలోచించలేదు. కూలివాళ్ల పిల్లలు, గొర్రెలు కాసేవాళ్ల పిల్లలు వచ్చారు. చాలా నెలలు వాళ్లకు ఒక్క పట్టు కూడా చెప్పలేదు. పడటమే. ముందుకు, వెనక్కి, పక్కకు. ఒకరోజు గొర్రెలు కాసే ఒకాయన కంబళి భుజాన వేసుకుని వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమన్నా, మా పాపకు పడేసేది నేర్పప్పా అని పంపిస్తే, పడేది నేర్పుతాండావంట? పడేది నేర్చుకోని ఏం చేయల్ల ఇది?"

"పడేదానికి భయపడే పిల్ల ఎదురున్నదాన్ని గట్టిగా పట్టుకోదన్నా. చేతులు ముందే వదిలేస్తాది. భయం పోనీ, తర్వాత నువ్వే చూడు."

ఆయన గొణుగుతూ వెళ్లిపోయాడు. ఆ పిల్లే తర్వాత రాష్ట్ర పోటీల్లో చివరి కుస్తీదాకా వెళ్లింది. అవతలి పిల్ల ఈమెను లేపి పడేసింది. అయిపోయిందనే అందరూ అనుకున్నారట. కానీ ఈమె పడుతూ పడుతూనే పట్టు వదలకుండా ఒళ్లు తిప్పి, నేల తాకేసరికి అవతలి పిల్లనే కిందికి తెచ్చింది. గెలిచింది. పీటీ మాస్టారు అక్కడి నుంచి ఫోను చేస్తే, అత్త స్పీకరు పెట్టింది. గెలిచామని ఆయన అరుస్తున్నాడు. మామ, "ఆ రెండో పిల్లకు దెబ్బ తగల్లేదు గదా?" అని అడిగాడు. తగల్లేదని తెలిశాకే నవ్వాడు. ఆ తర్వాత వీధిలోకి వెళ్లి, ఎదురైన ప్రతి ఒక్కరికీ, గొర్రెలాయన కంటే ముందే, మా పిల్ల గెలిచింది అని చెప్పుకున్నాడు. బతుకంతా ఓడిపోయిన మనిషికి గెలుపు మాట అంత తియ్యగా ఉంటుందని ఆ రోజే చూశాను.

ఆయన మాటల్లో నాకు అన్నిటికంటే గుర్తున్నది ఒకటి. "ఎదురోని మెడ మన చేతిలో ఉన్నప్పుడు, వాని పెండ్లాం బిడ్డలు గుడ మన చేతిలోనే ఉంటారు పాపా." ఇన్నేళ్ల కుస్తీలో తన చేతుల్లో ఒక్కరికి కూడా ఎముక విరగలేదని, తన గురించి తాను గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే. వెండి కడియం గురించి ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆ రోజు బస్సు గుంతకల్లు చేర్చి, అక్కడి నుంచి ఊరికి పోయేసరికి మామను వసారాలో పడుకోబెట్టారు. అత్త తలవైపు కూర్చుని ఆయన మీసాన్ని సరిచేస్తోంది, ఆ దుర్మార్గుడి మీసాన్ని. నన్ను చూసి, "వచ్చినావా పాపా," అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. రాయదుర్గం నుంచి, బళ్లారి నుంచి ఎవరెవరో వచ్చారు. కంపెనీలో డప్పు కొట్టిన ముసలాయన ఒకరు వచ్చి, మామ గుడారంలోకి వచ్చేటప్పుడు కొట్టే దరువు కొట్టాడు. జనం తిట్టడానికి సిద్ధమయ్యే దరువు అది. ఈసారి ఎవరూ తిట్టలేదు. అందరూ లేచి నిలబడ్డారు.

మా వాళ్లలో పూడ్చిపెట్టడమే ఆచారం. చేనులో, తాత పక్కన గుంత తీశారు. మా నేల మీకు తెలుసు, జానెడు దిగితే రాయి తగులుతుంది. మగవాళ్లు గడ్డపారలతో పొడిచి పొడిచి తవ్వారు. గట్టున మట్టికంటే రాళ్లే ఎక్కువ. మామను లోపల దించాక ఒకాయన పారతో మట్టి తోయబోయాడు.

"ఉండు సిన్నాయనా," అంది గొర్రెలాయన కూతురు.

ఆమె ముందుకొచ్చి ఆ కుప్ప పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మిగిలిన పిల్లలూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. చేతులతో మట్టిని లాక్కుంటూ రాళ్లు ఏరి వెనక్కి విసరసాగారు. మట్టిపెడ్డలను అరచేతుల మధ్య నలిపి పొడి చేశారు. గోదాలో దిగే ముందు వాళ్లు రోజూ చేసే పనే అది.

"పొద్దు పోతాండాదమ్మా," అన్నాడు ఎవరో పెద్దాయన.

"రాళ్లుండాయి తాతా," అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా.

ఆ తర్వాత ఎవరూ తొందరపెట్టలేదు. మగవాళ్లు పారల మీద గడ్డాలు ఆనించి నిలబడ్డారు. పిల్లల వేళ్ల సందుల్లోంచి ఎర్రమట్టి సన్నగా, జల్లెడ పట్టినట్టు, మామ మీదికి రాలుతూ ఉంది.